తల దొరకని పక్షికి ముక్కు ఎవరు పెట్టారు?

పోయిన నెల ఇదే పేజీలో గార్గాంటువావిస్ అనే పాతకాలపు పెద్ద పక్షి గురించి నాలుగు ముక్కలు రాసి, పక్కన ఒక బొమ్మ వేశాం. డైనోసార్లు ఇంకా తిరుగుతున్న రోజుల్లో, అంటే సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతంలో బతికిన పక్షి అది. మామూలుగా ఈ శీర్షికకి ఎక్కిళ్ల మీదా, బ్లాక్ హోల్స్ మీదా ప్రశ్నలు వస్తుంటాయి, ఈసారి మాత్రం సగానికి పైగా ఈ పక్షి మీదే వచ్చాయి, కొన్ని కోపంగా కూడా ఉన్నాయి. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే. ఒకే ప్రశ్న చాలామంది అడిగినచోట అన్నీ కలిపి ఒకటి చేశాం.

ప్రశ్న: మీరు వేసిన బొమ్మలో పక్షికి పెద్ద ముక్కు ఉంది, గోధుమరంగు ఈకలు ఉన్నాయి, కళ్ల చుట్టూ ఎర్రటి చర్మం కూడా ఉంది. తీరా ఇంటర్నెట్‌లో వెతికితే దాని పుర్రె ఇంతవరకు దొరకనే లేదని రాశారు. తలే దొరకని పక్షికి ముక్కు ఎలా గీశారండీ? ఇది పాఠకుల్ని మోసం చేయడం కాదా?

జవాబు: కోపం న్యాయమైనదే గానీ మోసం అనేది పెద్ద మాట. బొమ్మ కింద 'ఊహాచిత్రం' అని ఉంది, అక్షరాలు చిన్నవి కాబట్టి చాలామంది చూసి ఉండరు. సరే, అసలు చేతిలో ఏముందో చెప్తాను, అప్పుడు ఆ బొమ్మలో ఎంత నిజమో మీరే లెక్క వేసుకోవచ్చు.

1995లో ఎరిక్ బ్యుఫెతో, జాన్ లె లఫ్ అనే ఇద్దరు ఫ్రెంచ్ పురాజీవ శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు, దక్షిణ ఫ్రాన్స్‌లో క్రెటేషియస్ కాలపు (డైనోసార్ల చివరి యుగం) పొరల్లో చాలా పెద్ద పక్షి ఎముకలు దొరికాయని. 1998లో బ్యుఫెతో, లె లఫ్ కలిసి దానికి గార్గాంటువావిస్ ఫిలోయినోస్ అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆధారంగా తీసుకున్న ఎముక కాంపాన్-సుర్-ఓద్ ఊరి దగ్గర బెల్‌వ్యూ అనే తవ్వకంలో దొరికిన తుంటి భాగం. దాంతోపాటు ఒక తొడ ఎముక, ఆ తర్వాతి సంవత్సరాల్లో ప్రొవాన్స్ నుంచి, క్రూజీ ఊరి దగ్గర్నుంచి ఇంకొన్ని తుంటి ముక్కలు, దీనిదే అనుకుంటున్న ఒక మెడ వెన్నుపూస వచ్చాయి. 2017లో స్పెయిన్‌లోని లాన్యోలో దొరికిన తుంటి ముక్కను కూడా ఈ పక్షికే చేర్చారు. ఇంతే. రెక్క ఎముక లేదు, పాదం లేదు, రొమ్ము ఎముక లేదు, తల లేదు, ఒక్క ఈక లేదు.

అయితే ఉన్నవాటిలో తుంటి ఉండటం అదృష్టమనే చెప్పాలి, ఎందుకంటే నేల మీద నడిచే జంతువు గురించి తుంటి చెప్పినంత సంగతి వేరే ఎముకలు అంత తేలిగ్గా చెప్పవు. వెన్నుపూసలు వరుసగా ఒకదానికొకటి అతుక్కుపోయి, వాటికి రెండువైపులా తుంటి ఎముకలు కూడా అతుక్కుని, మొత్తం ఒకే గట్టి దిమ్మలా ఉంటుంది ఈ భాగం. గార్గాంటువావిస్‌లో ఈ దిమ్మ బాగా వెడల్పు. తొడ ఎముక తల వచ్చి కూర్చునే గుంట ముందువైపుకి జరిగి ఉంది. వేగంగా పరుగెత్తే నిప్పుకోడి తుంటి చూస్తే సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఇది దానికి పూర్తిగా వేరు. కాబట్టి ఇది పరుగు పందేల పక్షి కాదు, బరువైన ఒంటితో నిదానంగా నడిచే రకం అని కనిపెట్టినవాళ్లు అన్నారు, ఆ మాటలో బలం ఉంది. తొడ ఎముక మందాన్ని బట్టి ఒంటి బరువు అంచనా వేసే పద్ధతి కూడా ఉంది: బరువంతా మోసేది కాళ్లే కాబట్టి, బతికున్న పక్షుల్లో కాలి ఎముక చుట్టుకొలతకీ బరువుకీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టి, అదే లెక్కను పాత ఎముకకి పెడతారు. అలా చూస్తే ఇది కాసోవరీకీ (ఆస్ట్రేలియా వైపు ఉండే ఎగరని పెద్ద పక్షి) నిప్పుకోడికీ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. అంటే బొమ్మలో సైజు, నడుము, నడిచే తీరు వరకు ఆధారం ఉంది. మెడ వెన్నుపూస నిజంగా దీనిదే అయితే మెడకి కూడా కొంత ఉంది.

ఇక ముక్కు, రంగు, కళ్ల చుట్టూ ఎరుపు, అవన్నీ చిత్రకారుల దయ. ఈ బొమ్మలేసేవాళ్లు ఇలాంటి పక్షి అనగానే ఈమునో కాసోవరీనో ఎదురుగా పెట్టుకుని గీస్తారు, అది వాళ్ల తప్పని నేననను, ఖాళీ మొండెం గీస్తే ఎవరూ అచ్చు వేయరు కదా. కానీ అలా వచ్చిన బొమ్మ పదిచోట్ల తిరిగేసరికి ఆ ముక్కు కూడా ఎక్కడో తవ్వకంలో దొరికిందనే నమ్మకం స్థిరపడిపోతుంది. నన్నడిగితే ఇలాంటి జంతువులకి అస్థిపంజరం బొమ్మే నయం. దొరికిన ఎముకలు ఒక రంగులో, దొరకనివి ఇంకో రంగులో వేసి చూపించే పద్ధతి శాస్త్రవేత్తల వ్యాసాల్లో ఎప్పట్నుంచో ఉంది. చూడగానే పక్షి మొత్తం నల్లగా, నడుం దగ్గర మాత్రం నాలుగు తెల్ల ముక్కలు కనపడితే పాఠకుడికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: తుంటి ఎముక ఒక్కటి చూసి అది పక్షిదే అని అంత ఖాయంగా ఎలా అంటారు? ఆ కాలంలో డైనోసార్లున్నాయి, టెరోసార్లనే ఎగిరే సరీసృపాలు ఉన్నాయి. వాటిలో దేనిదో అయి ఉండకూడదా?

జవాబు: ఈ ప్రశ్న మీకొక్కరికే కాదు, పక్షి శిలాజాల్లో చేయి తిరిగిన గెరాల్డ్ మైర్ అనే జర్మన్ శాస్త్రవేత్తకి కూడా వచ్చింది. 2009లో ఆయన ఇది పక్షి కాకపోవచ్చు, టెరోసార్ అయ్యే వీలుంది చూడండి అన్నాడు. మరుసటి ఏడాదే బ్యుఫెతో, లె లఫ్ దానికి జవాబు రాశారు, తుంటి నిర్మాణం ఎక్కడెక్కడ టెరోసార్లతో కలవదో ఒక్కొక్కటే చూపిస్తూ. ఇలాంటి వాదనల్లో దేన్ని చూస్తారో ఒక ఉదాహరణ చెప్తాను. పక్షుల్లో, వాటి చుట్టాలైన డైనోసార్లలో తుంటి గుంట అడుగున ఎముక ఉండదు, రంధ్రంలా తెరిచి ఉంటుంది. టెరోసార్లలో ఆ గుంట అడుగు ఎముకతో మూసుకుని ఉంటుంది. మనకి చిన్న తేడాలా కనపడుతుంది గానీ ఎముక చేతిలో ఉన్నవాడికి ఇలాంటివే సాక్ష్యాలు. టెరోసార్ వాదన తర్వాత పెద్దగా నిలబడలేదు.

తర్వాత ఇంకో దారిలో వెళ్లారు. 2014లో అనసూయ చిన్సామి, బ్యుఫెతో తదితరులు ఆ తొడ ఎముకలోంచి పలచటి పొర కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఎముక ఎంత వేగంగా పెరిగిందో, మధ్యలో ఎక్కడ ఆగిందో లోపలి కణజాలంలో గుర్తులు మిగిలిపోతాయి, చెట్టు కాండంలో వలయాల్లాగా. ఇప్పటి పక్షులు చాలామటుకు ఏడాది తిరిగేలోపే పూర్తి సైజుకి వచ్చేస్తాయి, నిప్పుకోడంత పెద్దది కూడా అంతే. గార్గాంటువావిస్ అలా కాదు. మొదట వేగంగా పెరిగి, ఆ తర్వాత ఆగి ఆగి, ఎముకలు పూర్తిగా ముదరడానికి పదేళ్ల దాకా తీసుకుందని తేలింది. ఇప్పుడున్న పక్షుల్లో న్యూజిలాండ్ కివీ ఒక్కటే ఇలా తీరిగ్గా ఏళ్ల తరబడి పెరుగుతుంది, అంతరించిన మోవా పక్షులూ అలాగే పెరిగేవి. ఆ ఎముక కణజాలాన్ని బట్టి ఇది పక్షుల్లోనే, అందులోనూ ఇప్పటి పక్షుల వైపు ఉన్న కొమ్మలో పడుతుందని వాళ్లు తేల్చారు.

అక్కడితో అయిపోయిందనుకుంటే మళ్లీ మైర్ వచ్చాడు. రొమేనియాలోని హాట్సెగ్ లోయలో బాగా నిలిచిన ఒక తుంటి దొరికింది, అది గార్గాంటువావిస్ తరహాదే. 2020లో రొమేనియా శాస్త్రవేత్తలతో కలిసి ఆయన రాసిన వ్యాసంలో రెండు దెబ్బలున్నాయి. ఒకటి, ఇది ఇప్పటి పక్షుల కొమ్మకి చెందదు, అంతకంటే కింద, డైనోసార్లకి దగ్గరగా ఎక్కడో ఉంటుంది. రెండు, ఇది ఒక్క దీవికే పరిమితమైన జంతువు కూడా కాదు. ఈ రెండోది అర్థం కావాలంటే అప్పటి యూరప్ సంగతి తెలియాలి: అప్పుడు యూరప్ అంటే ఇప్పట్లా ఒకే నేల కాదు, వెచ్చటి సముద్రంలో అక్కడక్కడా తేలిన దీవుల గుంపు. ఫ్రాన్స్, స్పెయిన్ భాగాలు కలిసిన ఒక దీవి మీదే ఈ పక్షి పుట్టి, అక్కడే పెరిగి పెద్దదై ఎగరడం మానేసిందని అంతవరకు ఒక అందమైన కథ నడిచింది. రొమేనియా వేరే దీవి. దాంతో ఆ కథకి గండి పడింది.

నా అభిప్రాయం అడిగితే, పక్షి అన్న మాటకి హద్దు ఎక్కడ గీస్తామన్న దాని మీదే ఇప్పుడు తగువంతా ఆధారపడి ఉంది. టెరోసార్ కాదు, అది తేలిపోయింది. పక్షుల వంశవృక్షంలో పై కొమ్మా, కింది కొమ్మా అన్నది మాత్రం ఇంకో నాలుగు ఎముకలు దొరికితే గానీ తేలదు.

ప్రశ్న: పెద్ద పక్షి అని ప్రకటించి తర్వాత కాదని తేలిన సందర్భాలు ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి, అందులో ఒకటి భలే తమాషాగా ఉంటుంది. 2011లో కజకిస్తాన్‌లో దొరికిన ఒక కింది దవడను చూసి డారెన్ నైష్, ఇంకొందరు అది క్రెటేషియస్ కాలపు రాక్షస పక్షిది అని ప్రకటించారు. సమ్రూకియా నెస్సోవి అని పేరు పెట్టారు. పళ్లు లేని దవడ, ముందు భాగం విరిగిపోయింది. ఎగరని పక్షయితే రెండు మూడు మీటర్ల ఎత్తు ఉండేదనీ, ఎగిరేదయితే రెక్కల వెడల్పు కనీసం 4 మీటర్లనీ లెక్క వేశారు. పత్రికలు ఎగబడి రాశాయి. అదే ఏడాది ఇంకో శాస్త్రవేత్త ఆ దవడను పరిశీలించి ఇది పక్షి కాదు, పెద్ద టెరోసార్ అని రాశాడు, ఇప్పుడు అందరూ ఒప్పుకునేది అదే. ఆ రాసిందెవరనుకున్నారు? బ్యుఫెతోనే. తన పక్షిని టెరోసార్ అన్నవాళ్లకి జవాబు చెప్పుకున్న ఏడాదికే, వేరేవాళ్ల పక్షిని టెరోసార్‌గా తేల్చేశాడు.

దీనికి ఎదురు దిశలో కూడా జరిగింది. 1887లో అర్జెంటీనా శాస్త్రవేత్త ఫ్లోరెంతినో అమెగినో పటగోనియాలో దొరికిన ఒక పెద్ద దవడ ముక్కను పళ్లు లేని క్షీరదానిదనుకుని ఫోరుస్‌రాకోస్ అని పేరు పెట్టాడు. 1891 నాటికి ఇంకా ఎముకలు వచ్చేసరికి అది మాంసం తినే పెద్ద నేల పక్షి అని బయటపడింది. ఇప్పుడు 'టెర్రర్ బర్డ్స్' అని డాక్యుమెంటరీల్లో చూపించే వంశం మొత్తానికి ఆ పేరే మూలం.

రెండిట్లోనూ దొరికింది దవడే అని గమనించండి. పళ్లు లేని దవడ ఎవరిదైనా కావచ్చు, పక్షికీ ఉండదు, చాలా టెరోసార్లకీ ఉండదు, కొన్ని క్షీరదాలకీ ఉండదు. ముక్క ఎంత పెద్దది అన్నదాని కంటే ఒంట్లో ఏ చోటిది అన్నదే నన్నడిగితే అసలు సంగతి. ఒక జానెడు దవడ కంటే రెండంగుళాల కీలు ముక్క ఎక్కువ చెప్పే సందర్భాలు బోలెడు.

ప్రశ్న: నేను స్కూల్లో సైన్స్ చెప్తాను. రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక్క ఎముక ముక్క చూసి న్యూజిలాండ్‌లో పెద్ద పక్షి ఉండేదని చెప్పాడనీ, తర్వాత అదే నిజమైందనీ పిల్లలకి ప్రతి ఏడాదీ చెప్తుంటాను. ఆ కథ నిజమేనా సార్?

జవాబు: నిజమే మాస్టారూ, కాకపోతే దానికి ఒక తోక ఉంది, ఆ తోక కూడా కలిపి చెప్తే పిల్లలకి ఇంకా బాగుంటుంది.

1839లో జాన్ రూల్ అనే ఆయన న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక ఎముక ముక్కను లండన్‌లో ఓవెన్ దగ్గరికి తెచ్చాడు. జానెడు కంటే తక్కువే, సుమారు 15 సెంటీమీటర్లు, రెండు చివరలూ విరిగిపోయి మధ్య కాండం మాత్రమే మిగిలిన తొడ ఎముక. పైపైన చూస్తే ఎద్దు ఎముకలా ఉంది, ఓవెన్ కూడా మొదట పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత లోపలివైపు చూస్తే తేనెపట్టులాంటి అల్లిక కనిపించింది, బయట అచ్చులు చూస్తే పశువుల ఎముక కాదు. మ్యూజియంలో ఉన్న అస్థిపంజరాలన్నిటి పక్కనా పెట్టి చూసుకుని చివరికి ఇది నిప్పుకోడంత పెద్ద, దానికంటే బరువైన పక్షిది అని ప్రకటించాడు. జువలాజికల్ సొసైటీవాళ్లు ఆ వ్యాసం అచ్చు వేయడానికి తటపటాయించారు, వేసినా బాధ్యత అంతా రచయితదే అన్నారు. 1843లో విలియం విలియమ్స్ అనే మిషనరీ పంపిన ఎముకలు పెట్టెల్లో వచ్చాయి, ఓవెన్ చెప్పింది అక్షరాలా నిజమైంది. మోవా పక్షికి డైనోర్నిస్ అని పేరు పెట్టింది అప్పుడే.

ఇక తోక. ఆ ఎముక అమ్మడానికి రూల్ రాసిన ఉత్తరంలోనే ఇది అంతరించిపోయిన ఒక పెద్ద పక్షిది అని న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు చెప్పుకుంటారని ఉంది. ఆ పక్షిని తరతరాలుగా కథల్లో గుర్తు పెట్టుకున్నది వాళ్లే. కాబట్టి ఓవెన్ శూన్యంలోంచి పక్షిని పుట్టించలేదు, ఒక మాట చెవిన పడింది, దాన్ని నమ్మాలా వద్దా అన్నది ఎముకతో తేల్చాడు. నాకైతే ఇదే గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే నిజానికి పని జరిగే తీరు ఇది. తర్వాత ఓవెన్ తన ప్రతిభ గురించి చెప్పుకున్నప్పుడు రూల్ మాట అంతగా వినపడలేదు, అది వేరే సంగతి, పెద్దమనుషులతో అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి. ఓవెన్ ఎముక ముక్కను సరిపోల్చడానికి ఎదురుగా నిప్పుకోడి, ఈము ఎముకలున్నాయి, ఆ ముక్క కొన్ని వందల ఏళ్ల నాటిది. 7 కోట్ల ఏళ్ల నాటి ముక్కకి పక్కన పెట్టి చూసుకోవడానికి అలాంటి దగ్గరి చుట్టం ఎవరూ ఉండరు. 'ఒక్క ఎముక ఇస్తే జంతువునంతా గీస్తాం' అన్న గొప్ప, తెలిసిన వంశాల వరకే పనిచేస్తుంది.

ప్రశ్న: నేను ఏడో తరగతి చదువుతున్నాను. గార్గాంటువావిస్ ఏం తినేది? ఎగిరేదా? గుడ్లు ఎంత పెద్దవి పెట్టేది?

జవాబు: ఎగిరేది కాదమ్మా, ఆ బరువుకి రెక్కలు చాలవు, పైగా ఆ తుంటి నేల మీద నడిచే జంతువుది. ఏం తినేదో తెలియాలంటే ముక్కు దొరకాలి, లేకపోతే పాదమైనా దొరకాలి. కొక్కెంలాంటి ముక్కయితే ఒక తిండి, చదునైన ముక్కయితే ఇంకో తిండి. నిదానంగా నడిచేది కాబట్టి పరుగెత్తి వేటాడి ఉండదని, ఆకులు, పండ్లు తిని ఉండొచ్చని అనుకుంటారు, అది అనుకోవడమే. దీని గుడ్డు అని ఖాయంగా చెప్పగలిగేది ఒక్కటీ దొరకలేదు. ఆ పొరల్లో గుడ్ల పెంకులు మాత్రం కుప్పలున్నాయి, కానీ డైనోసార్లు కూడా గుడ్లే పెట్టేవి కదా, అదీ చిక్కు.

ప్రశ్న: డైనోసార్ల అస్థిపంజరాలు మ్యూజియాల్లో నిలువెత్తున కనిపిస్తాయి. పక్షులవి మాత్రం ఎప్పుడూ ముక్కలే. ఎందుకని?

జవాబు: మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్లలో కూడా సగం ఎముకలు ప్లాస్టరే, ఆ సంగతి అలా ఉంచండి. పక్షుల ఎముకలు బోలుగా, గోడలు పలచగా ఉంటాయి. చచ్చిన పక్షిని నక్కో మొసలో కొరికితే నుజ్జయిపోతుంది, వరదలో కొట్టుకుపోతే రాళ్ల మధ్య విరిగిపోతుంది. చిన్న పక్షులయితే అసలు మిగలవు. మిగిలేవి గట్టి చోట్లే: రెక్క ఎముక కింది కొస, భుజం దగ్గర కోరకాయిడ్ అనే ఎముక, మోకాలి కిందా పాదం పైనా ఉండే పొడుగాటి ఎముకల కీళ్లు. పేరు పెట్టిన శిలాజ పక్షుల్లో పెద్ద భాగం ఇలాంటి ఒక్క కొస మీద ఆధారపడి పేరు తెచ్చుకున్నవే, కాబట్టి పక్షుల నిపుణులు ఎక్కువ సమయం ఎముక కొసల్లో గాడులు, గుబ్బలు చూడటంలోనే గడుపుతారు.

పెద్ద నేల పక్షుల కాళ్లు కొంచెం దళసరి కాబట్టి కాస్త నయం. కానీ గార్గాంటువావిస్ దొరికిన చోట్లు నదులు ఒండ్రు పోసిన మైదానాలు, అక్కడ ఏ జంతువూ ఒకచోట పడి పడున్నట్టే ఉండదు, కాలు ఒకచోట, వెన్నుపూస ఇంకోచోట.

నిలువెత్తు పక్షులు కావాలంటే నీళ్లు కదలని చోట్లు చూడాలి. జర్మనీలో జోల్న్‌హోఫెన్ సున్నపురాయి, అదే దేశంలో మెస్సెల్ అనే పాత సరస్సు, చైనాలో లియావోనింగ్ సరస్సు పొరలు. లియావోనింగ్‌లో కన్‌ఫ్యూసియుసార్నిస్ అనే పక్షివి వందల కొద్దీ దొరికాయి, ఈకల అచ్చులతో సహా. అంటే ఒక పక్షి మనకి బాగా తెలుసా లేదా అన్నది, అది ఎంత గొప్ప పక్షి అన్నదాని మీద ఉండదు, ఎక్కడ చచ్చింది అన్నదాని మీద ఉంటుంది.

ప్రశ్న: తొలి పక్షిగా పుస్తకాల్లో చెప్పే ఆర్కియోప్టెరిక్స్ కంటే ఎంతో ముందే పక్షులు ఉండేవని ఒక భారతీయ శాస్త్రవేత్త నిరూపించారని చదివాను. మరి పుస్తకాల్లో ఇంకా ఆర్కియోప్టెరిక్స్ పేరే ఎందుకు ఉంది?

జవాబు: మీరు చదివింది శంకర్ ఛటర్జీ గురించి. అమెరికాలోని టెక్సస్‌లో దొరికిన ముక్కల ఆధారంగా ఆయన 1991లో ప్రోటోఏవిస్ అనే జంతువుని వర్ణించారు, అది 22.5 కోట్ల ఏళ్ల నాటి పక్షి అన్నారు. ఆర్కియోప్టెరిక్స్ వయసు 15 కోట్ల ఏళ్లు, కాబట్టి ఇది నిజమైతే పక్షుల చరిత్ర ఏడున్నర కోట్ల ఏళ్లు వెనక్కి జరుగుతుంది, చిన్న మాట కాదు. 'నిరూపించారు' అన్న దగ్గరే పేచీ. ఆ ఎముకలు నలిగి, విడివిడిగా, ఇతర జంతువుల ఎముకల మధ్య దొరికాయి. పుర్రె ఒకరిది, మెడ ఒకరిది, కాలు ఇంకొకరిది కలిసి ఒకే జంతువుగా కనపడుతున్నాయని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఛటర్జీ మాత్రం తన మాట మీదే ఉన్నారు. ఆయన ఏమీ తక్కువవారు కాదు, అర్జెంటీనాలో దొరికిన అర్జెంటావిస్ అనే మహా పక్షి ఎలా ఎగిరేదో 2007లో లెక్కగట్టిన వాళ్లలో ఆయన ఒకరు, అది కూడా ముక్కలుగా దొరికిన పక్షే. కానీ గొప్పవాళ్లు చెప్పినంత మాత్రాన చెల్లాచెదురైన ఎముకలు ఒకదానికొకటి అతుక్కోవు. అదే కాలపు పొరల్లో, ఒకే ఒంట్లో కలిసి ఉన్న రెండోది ఒకటి దొరికితే ఒక్క రోజులో పుస్తకాలు మార్చేస్తారు. ఇన్నేళ్లలో అలాంటిది దొరకలేదు.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, డీఎన్ఏ టెస్టు చేస్తే తేలిపోదా?

జవాబు: 7 కోట్ల ఏళ్లకి డీఎన్ఏ మిగలదండీ. ఇంతవరకు తీయగలిగిన అన్నిటికంటే పాత డీఎన్ఏ గ్రీన్‌లాండ్ మట్టిలోది, దాని వయసు సుమారు 20 లక్షల ఏళ్లు, అదీ గడ్డకట్టే చలిలో ఉండబట్టి. ప్రొటీన్లు కొంచెం ఎక్కువ కాలం ఉంటాయి, టాంజానియాలో లేటోలి దగ్గర 38 లక్షల ఏళ్ల నాటి నిప్పుకోడి గుడ్డు పెంకులోంచి కొంత తీశారు. 7 కోట్ల ఏళ్ల నాటి ఇలాంటి పక్షికి మాత్రం ఎముక ఆకారమే దిక్కు.

డీఎన్ఏ దొరికినచోట మాత్రం అది ఎముకలు చూసేవాళ్ల పరువు తీసింది. న్యూజిలాండ్ మోవాల్లో ఎముకల సైజుల్ని బట్టి పెద్దది ఒక జాతి, చిన్నది ఒక జాతి అని విడదీసుకుంటూ వచ్చారు. 2003లో డీఎన్ఏ చూస్తే ఆ పెద్దవి ఆడవి, చిన్నవి మగవి, జాతి ఒక్కటే. ఆడదాని బరువు మగదానికి రెండింతలకి పైనే! ఈ లెక్కన గార్గాంటువావిస్ ముక్కల్లో సైజు తేడాలు చూసి ఎవరైనా కొత్త జాతి అంటే కాస్త ఆగమని చెప్పొచ్చు.

ప్రశ్న: రేపు ఎక్కడో దీని పూర్తి అస్థిపంజరం దొరికి, ఇది పక్షే కాదని తేలితే పేరు మార్చేస్తారా?

జవాబు: మార్చరు. జంతువుల పేర్లకి అంతర్జాతీయ నియమావళి ఉంది, దాని ప్రకారం పేరు ఒక నమూనాకి కట్టుబడి ఉంటుంది, ఆ జంతువు ఏ వంశంలో పడిందన్న దానికి కాదు. పేరులో 'అవిస్' అని పక్షి మాట ఉన్నా సరే అలాగే ఉండిపోతుంది. ప్రమాదం ఇంకోవైపు నుంచి ఉంది. అదే జంతువుకి ఇంకెవరో ముందే పేరు పెట్టేసి ఉంటే, ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. రొమేనియాలో అదే హాట్సెగ్ ప్రాంతం నుంచి 1913లో ఎలోప్టెరిక్స్ అని ఒకదానికి పేరు పెట్టారు, విరిగిన తొడ ఎముక పైభాగం చూసి పెలికాన్ తరహా నీటి పక్షి అనుకున్నారు, ఆ తర్వాత డైనోసార్లలోకి నెట్టారు, ఇప్పటికీ అది ఏమిటన్నది వాదనలోనే ఉంది. అందుకే అక్కడ కొత్త తుంటి దొరికినప్పుడల్లా ఈ పాత పేర్ల దుమ్ము దులుపుతారు.

నమూనా మరీ చిన్నదై ఇబ్బంది పెడితే దానికీ దారి ఉంది. ఆర్కియోప్టెరిక్స్ పేరు 1861లో ఒకే ఒక్క ఈకకి పెట్టిన పేరు. ఆ ఈక నిజంగా ఆ పక్షిదేనా అని అనుమానాలు వస్తూనే ఉండేసరికి, 2011లో పేర్ల వ్యవహారం చూసే అంతర్జాతీయ కమిషన్ ఆ పేరుని లండన్ మ్యూజియంలో ఉన్న అస్థిపంజరానికి కట్టేసింది. ఆ ఈక ఎవరిదన్న వాదన ఆ తర్వాత కూడా ఆగలేదు, 2019లో ఒక జట్టు కాదంది, 2020లో ఇంకో జట్టు దానిదే అంది.